పామ్ ‘కాదు’ అందా, ‘నావల్ల కాదు’ అందా? ‘ది ఆఫీస్’ రెండో సీజన్ ఆఖరి సీన్ మీద చర్చ

కాలవగట్టు, పాలకొల్లు

మొన్న ఆదివారం మా పెద్దమ్మగారింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక మా తరం వాళ్ళమంతా మేడమీద గదిలో చేరాం. మా బావ టీవీలో ‘ది ఆఫీస్’ పెట్టాడు, అమెరికా వాళ్ళు తీసింది. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్, ‘కేసినో నైట్’. అది పూర్తయ్యేసరికి గదిలో రెండు పార్టీలయ్యాయి. కింద నుంచి పెద్దమ్మ టీలు చల్లారిపోతున్నాయని మూడుసార్లు పిలిచినా ఒక్కరూ దిగలేదు. చీకటి పడేవరకూ ఆ తగువు తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

చూడనివాళ్ళకి నాలుగు ముక్కల్లో కథ. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ అనే ఊళ్ళో కాగితం అమ్మే కంపెనీ బ్రాంచి. సేల్స్‌లో జిమ్, రిసెప్షన్‌లో పామ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి మాటకి ఒకరు నవ్వుకుంటూ బతుకుతారు. పామ్‌కేమో కింద గోడౌన్‌లో పనిచేసే రాయ్‌తో ఎప్పుడో నిశ్చితార్థం అయిపోయింది. పెళ్ళి జూన్ 10న. ఈ ఎపిసోడ్‌లో ఆ గోడౌన్‌లోనే ఒక రాత్రి విరాళాల కోసం పేకాట బల్లలు వేస్తారు. ఆ రాత్రి బయట పార్కింగ్‌లో జిమ్ ఆమెతో, నిన్ను ప్రేమిస్తున్నాను అని చెప్పేస్తాడు. ఆమె ‘ఐ కాంట్’ అంటుంది. అతను చెంప మీద కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతాడు. ఆమె పైకి, చీకటిగా ఉన్న ఆఫీసులోకి వెళ్ళి వాళ్ళమ్మకి ఫోన్ చేస్తుంది. అంతలో జిమ్ లోపలికొచ్చి ఏమీ మాట్లాడకుండా ముద్దు పెట్టుకుంటాడు. ఆమె కూడా పెట్టుకుంటుంది. అక్కడితో సీజన్ అయిపోయింది. 2006 మే 11న వచ్చింది. రాసింది స్టీవ్ కెరెల్, అందులో బాస్ మైకేల్‌గా వేసినాయనే. ఈ ఎపిసోడ్ రచనకి ఆయనకి రైటర్స్ గిల్డ్ అవార్డు కూడా ఇచ్చారు.

మా బావ అనేదేంటంటే, అమ్మాయి కాదంది, కథ అక్కడితో అయిపోయింది, వెనక్కొచ్చి ముద్దు పెట్టుకోవడం జిమ్ మొండితనం, దాన్ని ప్రేమని మనం మురిసిపోతున్నాం అని.

నేను ఒప్పుకోను. ‘ఐ కాంట్’ అన్నమాట తెలుగు చెవికి ఎలా పడుతోందన్న దాంట్లోనే గొడవంతా ఉంది. ‘నాకిష్టం లేదు’ వేరు, ‘నావల్ల కాదు’ వేరు. మొదటిది మనసు సంగతి. రెండోది చుట్టూ ఉన్న గోడల సంగతి. పామ్ ఆ రాత్రి ఒక్కసారి కూడా నాకిష్టం లేదనలేదు. నీ స్నేహం నాకెంత విలువైనదో నీకు తెలీదంది. నువ్వు పొరబడి ఉంటే అది బహుశా నా తప్పేనంది. ఇష్టం లేని మనిషి తప్పు తన మీద వేసుకోదు.

నా లెక్కలో మలుపు ముద్దు దగ్గర లేదు, ఫోన్ దగ్గరుంది. వాళ్ళమ్మ గొంతు మనకి వినపడదు. పామ్ మాటలే వినపడతాయి. అతను నా ప్రాణస్నేహితుడమ్మా అంటుంది. అవును, చాలా మంచివాడు అంటుంది. అటునుంచి వాళ్ళమ్మ ఇంకేదో అడుగుతుంది. ఒక్క క్షణం ఆగి, ‘అవును, అనే అనుకుంటున్నా’ అంటుంది. ఆ తల్లి అడిగింది ఏమై ఉంటుంది? నువ్వూ అతన్ని ప్రేమిస్తున్నావా అనే కదా! గుమ్మంలో జిమ్ కనపడకముందే ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేసింది. తర్వాత జరిగిందంతా దాని వెనకాల వచ్చిందే.

మీరేమంటారో చెప్పండి.

లంకమల్లి, రాజోలు

అన్నా, మీరు మాట మీద కట్టిన వాదన మాట మీదే కూలిపోతుంది. మన వైపు మొహం మీద ఇష్టం లేదని ఎవరంటారు? పెళ్ళిచూపులయ్యాక పిల్ల నచ్చకపోతే ‘జాతకాలు కుదరలేదండి’ అని మధ్యవర్తి చేత కబురంపుతారు. జాతకాలు చూపించను కూడా చూపించరు. ‘కుదరదు’, ‘నావల్ల కాదు’ అన్నవి మనం కాదని చెప్పడానికి వాడుకునే మాటలే. ఎదుటి మనిషి పరువు పోకుండా చెప్పే ‘కాదు’ అది.

నా సంగతి చెప్తాను. డిగ్రీ చదివేటప్పుడు బాగా స్నేహంగా ఉండే అబ్బాయి ఒకడు, ఆఖరి సంవత్సరంలో ఇలాగే చెప్పాడు. నాకు ఇష్టం లేదు. కానీ మంచివాడు, నోట్సులిచ్చేవాడు, మా నాన్నకి ఒంట్లో బాగోనప్పుడు ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ఇష్టం లేదని ఎలా అంటాను? ‘కుదరదు, మా ఇంట్లో ఒప్పుకోరు’ అన్నాను. అతను సరిగ్గా మీలాగే విన్నాడు. ఇంట్లోవాళ్ళే అడ్డం, దీనికి ఇష్టమే అనుకున్నాడు. ఆరు నెలలు సాయంత్రం బస్సు వేళకి బస్టాండులో సోడాబండి పక్కన నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు, చూసేవాడంతే. నేను ఒక స్టాపు ముందే దిగి, కాలవ వెంబడి నడిచి ఇంటికెళ్ళేదాన్ని. వానాకాలంలో కూడా.

అందుకే ఆ సీన్ చూస్తే నాకు జిమ్ కన్నీళ్ళు కనపడవు. రెండుసార్లు ‘ఐ కాంట్’ అన్నాక కూడా ఒంటరిగా, చీకట్లో ఫోన్ మాట్లాడుకుంటున్న అమ్మాయి దగ్గరికి వస్తున్న మనిషి కనపడతాడు. పైగా అతను అప్పటికే స్టామ్‌ఫర్డ్ బ్రాంచికి బదిలీ మాట్లాడుకుని ఉన్నాడు. పెళ్ళి ఇంకా నెలలోపే. చెప్పేసి నా బరువు దింపుకుని వెళ్ళిపోతాను, నువ్వు మోసుకో అన్నట్టు కాదా అది?

చింతగుంట, పెనుగొండ

రాయ్ మాట ఎవరూ ఎత్తరేం? ఆ రాత్రి ముందుగా ఇంటికి వెళ్ళిపోతూ అతను జిమ్‌తోనే అంటాడు, కాస్త ఆమెని చూసుకో అని. జిమ్ సరేనంటాడు. రాయ్ మంచి మొగుడు అవుతాడని నేననను. కానీ నమ్మి చెప్పి వెళ్ళాడు. నాకు ఆ ఒక్కచోటే జిమ్ మీద మనసు విరిగింది.

గోదారిగాలి, నరసాపురం

కాలవగట్టు గారూ, మలుపు ఫోన్ దగ్గరా ముద్దు దగ్గరా అని మీరంతా కొట్టుకుంటున్నారు. నన్నడిగితే ఆ రెండూ కావు. మలుపు అంతకు నాలుగు నెలల ముందు పడవ మీద జరిగిపోయింది. ‘బూజ్ క్రూజ్’ ఎపిసోడ్, 2006 జనవరి 5. మైకేల్ గడ్డకట్టే చలికాలంలో ఆఫీసు మొత్తాన్ని వాలన్‌పాపాక్ సరస్సు మీద పడవెక్కిస్తాడు. డెక్ మీద జిమ్, పామ్ ఇద్దరే మిగులుతారు. మాట్లాడుకోరు. దాదాపు అరనిమిషం పాటు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం, ఇప్పుడు చెప్తాడేమో అని ఆమె ఆగడం, అతను నోరు తెరవకపోవడం. కామెడీ సీరియల్లో అరనిమిషం మౌనమంటే ఎంతో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. చివరికి ఆమె చలిగా ఉందని లోపలికి వెళ్ళిపోతుంది. ఆ రాత్రే రాయ్ తాగిన ఊపులో మైకు అందుకుని జూన్ 10న పెళ్ళి అని పడవంతా వినేలా చెప్పేస్తాడు. మూడేళ్ళుగా పెట్టని ముహూర్తం అది.

నేను పుట్టి పెరిగింది రేవు పక్కనే. ఇక్కణ్ణుంచి సఖినేటిపల్లికి పంటు మీద వశిష్ఠ దాటుతాం కదా. అవతలి రేవు కనపడుతూనే ఉంటుంది, కాబట్టి ఏదైనా చెప్పాలనుకుంటే ఆ కాసేపట్లోనే చెప్పాలి. పంటు రేవుకి తగిలి, పలక దించి, మోటార్ సైకిళ్ళు స్టార్ట్ చేశారంటే ఇక ఎవరి దారి వారిది. మా చిన్నాన్న ఒకాయన ఇలాగే చెప్పలేక, పంటు దిగిపోయిన మనిషిని ఇప్పటికీ తలుచుకుంటాడు. ఆ సీన్ చూపిస్తే ఏమీ అర్థంకాని ఇంగ్లీషులో కూడా ఆయనకి అర్థమైంది. ‘వీడు చెప్పడ్రా’ అన్నాడు.

ఆ పడవ మీద చెప్పి ఉంటే ముహూర్తం లేదు, కార్డుల్లేవు, ఎవరి ద్రోహమూ లేదు. కేసినో రాత్రి నాటికి ఆలస్యమైపోయింది. ఆలస్యమైన మనిషి తొందరపడ్డాడు, అంతే జరిగింది.

ఫోకస్, భీమవరం

నేను పదకొండేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నానండి. మీరెవరూ కెమెరా గురించి మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నాను.

ఈ సీరియల్ మొత్తం ఆఫీసు మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు ఉంటుంది. వాళ్ళందరికీ కెమెరా ఉందని తెలుసు. జిమ్ ప్రతి ఎపిసోడ్‌లోనూ కెమెరావైపు చూసి మొహం పెడతాడు. కానీ ఈ రెండు సీన్లలో చూడడు. పార్కింగ్ సీన్ దూరం నుంచి జూమ్ చేసి తీశారు, ఫ్రేము కాస్త వణుకుతూ ఉంటుంది. ఆఫీసులో కూడా కెమెరా దగ్గరికి పోదు, ఎక్కడో మూల నుంచి తొంగి చూస్తున్నట్టుంటుంది. అంటే వాళ్ళిద్దరికీ తమని తీస్తున్నట్టు తెలీదని దర్శకుడు కెన్ క్వాపిస్ మనకి చెప్తున్నాడు.

పెళ్ళిలో నేను రోజూ చూసేది ఇదే. లైటు వేసి కెమెరా ఎదురుగా పెడితే పెళ్ళికూతురు తల వంచుకుంటుంది, నవ్వమంటే నవ్వుతుంది. ఆ ఫుటేజీలో ఏమీ ఉండదు. అప్పగింతలయ్యాక, లైటు ఆర్పేశాక, కారు పక్కన నిలబడి చెప్పులు వెతుక్కుంటూ తమ్ముడి చెయ్యి పట్టుకుంటుంది చూశారూ, అది నేను దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో తీస్తాను. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు. ఎడిటింగులో ఇంటివాళ్ళు ఏడ్చేది ఆ ముక్క దగ్గరే.

అందుకని నేను పామ్ మాటల్ని కాదు, ఆమె ఎక్కడ నిలబడిందో చూస్తాను. వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడానికి ఆమెకి సొంత బల్ల ఉంది. రిసెప్షనిస్టు, ఫోనే ఆమె ఉద్యోగం. చీకట్లో అలవాటుగా చెయ్యి పోయేది ఆ ఫోన్ మీదకే. కానీ ఆమె జిమ్ బల్ల దగ్గరికి వెళ్ళి, జిమ్ ఫోన్ అందుకుని మాట్లాడుతోంది. మళ్ళీ చూడండి.

కాలవగట్టు, పాలకొల్లు

ఫోకస్ గారూ, మీ పోస్టు చదివి ఇప్పుడే పెట్టి చూశాను. నిజమే. అది జిమ్ బల్లే. ఆరేడుసార్లు చూసినవాణ్ణి, ఇది కళ్ళబడలేదు. అతను లేనప్పుడు అతని చోటుకి వెళ్ళి నిలబడింది. ఇంతకంటే ఏం చెప్పాలండీ ఒక మనిషి?

లంకమల్లీ, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. వానలో కాలవ వెంబడి నడవడం మనసులోంచి పోవట్లేదు. మీ విషయంలో మీ ‘కుదరదు’కి అర్థం మీరు చెప్పిందే. దాన్ని వేరేలా వినడం ఆ అబ్బాయి తప్పు. కానీ మనకి ఇక్కడ ప్రేక్షకులుగా ఒక సౌకర్యం ఉంది, ఆ అబ్బాయికి లేనిది. తలుపు వెనకాల ఆమె వాళ్ళమ్మతో ఏమందో మనం విన్నాం.

లంకమల్లి, రాజోలు

మనం విన్నాం అన్నా. జిమ్ వినలేదు. అతనికి తెలిసింది ‘ఐ కాంట్’ ఒక్కటే. ఆ ఒక్క మాట చేతిలో పెట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు. ఆమెకి ఇష్టం ఉండటం అతని అదృష్టం. అతని నడవడికకి అది సమర్థన కాదు.

కొబ్బరాకు, అమలాపురం

లంకమల్లి గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇంకో మెట్టు ముందుకెళ్తాను. ముద్దు తర్వాత ఏం జరిగిందో ఎవరూ రాయలేదు, ఎందుకంటే అది ఆ ఎపిసోడ్‌లో లేదు. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో చూపించారు. అతను ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానంటాడు, ఆమె నేనూ అంటుంది. వెంటనే మనం తాగి ఉన్నామేమో అంటుంది. తాగలేదని ఇద్దరూ ఒప్పుకుంటారు. అప్పుడతను, అయితే నిజంగా అతన్నే పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె తలూపుతుంది. అవునని! అతను సరేనని వెళ్ళిపోతాడు, స్టామ్‌ఫర్డ్‌కి.

కాబట్టి ఫోన్‌లో నిర్ణయమైపోయిందన్న కాలవగట్టు గారి మాట నిలవదండి. నిర్ణయమైపోయినావిడ అయిదు నిమిషాల్లో రాయ్‌నే చేసుకుంటానని ఎందుకు తలూపుతుంది?

ఇంకోటి. మనం ఇప్పుడు ఒక ఎపిసోడ్ అవగానే తర్వాతది దానంతటదే మొదలైపోతుంటే చూస్తున్నాం. అప్పట్లో అలా కాదు. మే 11న ముద్దుతో ఆపేశారు, మూడో సీజన్ సెప్టెంబర్ 21న మొదలైంది. నాలుగు నెలలు దాటి ఎదురుచూపులు. అన్నాళ్ళూ ఆ ముద్దే ఆఖరి మాట, తలూపిన సంగతి ఎవరికీ తెలీదు. అప్పటివాళ్ళకి అది సంతోషం. మనకి మధ్యలో ఖాళీ లేదు కాబట్టి అది దుఃఖం. ఒకే సీన్ ఎప్పుడు చూశామన్నదాన్ని బట్టి మారిపోయింది. మా పెదనాన్న వారపత్రికలో సీరియల్ చదివిన రోజుల గురించి చెప్పేవారు. గురువారం పత్రిక వచ్చే దాకా వీధి వీధంతా ఆ కథానాయిక పెళ్ళి గురించి మాట్లాడుకునేవారట. ఆ వారం రోజుల్లో జనం ఊహించుకున్నది కూడా కథలో భాగమే అనేవారాయన.

మడుగుచేప, యానాం

అసలు బ్రిటిష్ ‘ఆఫీస్’ చూసినవాళ్ళున్నారా ఇక్కడ? 2001లో మొదలైంది, ఇది దాని నుంచి వచ్చిందే. అందులో జిమ్ స్థానంలో టిమ్, పామ్ స్థానంలో డాన్. 2002లో రెండో సిరీస్ చివర టిమ్ కెమెరాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, డాన్‌ని పక్క గదిలోకి తీసుకెళ్ళి, తన మైకు పీకేస్తాడు. శబ్దం ఆగిపోతుంది. అద్దం అవతల ఇద్దరూ మాట్లాడుకోవడం కనపడుతుంది, వినపడదు. వచ్చి మైకు మళ్ళీ పెట్టుకుని, ఆమె కాదంది అని చెప్తాడు. 2003 డిసెంబర్‌లో క్రిస్మస్ ప్రత్యేక ఎపిసోడ్‌లో గానీ ఆమె తిరిగిరాదు. అది కూడా టాక్సీలో వెళ్ళిపోతూ అతనిచ్చిన రంగుల పెట్టె విప్పి చూశాక.

నాకు ఆ పద్ధతి నచ్చింది. మైకు పీకేయడమంటే ఆమె చెప్పే జవాబు ఊరికి వినపడకుండా కాపాడటం. అవునన్నా కాదన్నా అది ఆమెది. జిమ్‌కి ఆ ఆలోచన రాలేదు. పైగా అక్కడ తిరిగివచ్చేది అమ్మాయి. ఇక్కడ తిరిగివచ్చేది అబ్బాయి. మీరు రెండు రోజులుగా తగువులాడుతున్నదంతా ఈ ఒక్క తేడాలో ఉందని నాకనిపిస్తోంది.

పూతరేకు, ఆత్రేయపురం

నేను ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. కొబ్బరాకు గారు ‘ఎందుకు తలూపుతుంది’ అని అడిగిన దగ్గర ఆగిపోయాను.

మా అక్క పెళ్ళి ఆగిపోయింది. ఆగిపోవడం కాదు, అక్కే ఆపింది. తాంబూలాలు పుచ్చుకుని ఏడాది పైనే అయింది. మంచి సంబంధమే, చెప్పుకోడానికి పెద్ద తప్పేం లేదు. కార్డులు అచ్చయి వచ్చేశాయి. మా అమ్మ, పిన్ని హాల్లో చాప మీద కూర్చుని నాలుగు మూలలా పసుపు పెట్టి కట్టలు కట్టారు. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టారు. వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశారు, మేళానికి ఇచ్చేశారు, కల్యాణమండపానికి ఇచ్చేశారు. పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా అక్క వద్దంది.

తర్వాత మా ఇంట్లో జరిగింది రాయను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ కార్డుల కట్టలు ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు. పసుపు పెట్టినవి చింపకూడదు, కాల్చకూడదు. వర్షాలు మొదలై కాలవలో నీళ్ళు నిండుగా వచ్చాక నాన్న ఒక తెల్లవారుజామున సైకిల్ వెనకాల కట్టుకుని వెళ్ళి వదిలి వచ్చారు.

మూడో సీజన్‌లో పామ్ తన పెళ్ళి ఆగిపోయిన సంగతి చెప్తూ, భోజనాలకి డబ్బు ఎలాగూ కట్టాల్సి వచ్చింది కాబట్టి అవి ఫ్రీజర్‌లో పెట్టుకుని రోజూ మధ్యాహ్నం అవే తింటున్నానంటుంది. చికెన్, చేప. అందరూ నవ్వే చోటు అది. నేను నవ్వలేకపోయాను. ఆగిపోయిన పెళ్ళి అలాగే ఉంటుంది, రోజూ కొంచెం కొంచెం అవగొట్టాలి.

‘నావల్ల కాదు’ అన్నప్పుడు పామ్ చూసింది జిమ్‌ని కాదనుకుంటాను. ఇవన్నీ చూసింది. రోజూ అదే బిల్డింగులో రాయ్ మొహం చూడాలి. వాళ్ళకి ఊరు పెద్దదేమో గానీ ఆఫీసు మాత్రం మన వీధంతే.

తాటిముంజ, తణుకు

పూతరేకు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

ఒక చిన్న సంగతి కలుపుతాను. ఇంతవరకూ ఈ చర్చంతా జిమ్మా రాయా అన్నట్టు సాగింది. ‘బాయ్స్ అండ్ గర్ల్స్’ అని అదే సీజన్‌లో ఎపిసోడ్ ఉంది. కంపెనీ ద్వారా న్యూయార్క్‌లో డిజైన్ నేర్చుకునే అవకాశం పామ్‌కి వస్తుంది. రాయ్ ఎందుకులే అంటాడు. జిమ్, ఎప్పుడో ఒకసారి ధైర్యం చెయ్యాలి పామ్ అంటాడు. ఆమెకి కోపం వస్తుంది. తర్వాత కెమెరా ముందు తనకి చిన్నప్పట్నుంచి మేడమీద టెర్రస్ ఉన్న ఇల్లు కావాలని ఉండేదని, అక్కడ పూలమొక్కలు పెంచుకుందామనుకున్నానని చెప్తూ, అలాంటివి ఇక్కడ ఉండవులే అని సర్దుకోబోయి ఏడ్చేస్తుంది. ఆ ఏడుపు రాయ్ కోసం కాదు, జిమ్ కోసం కాదు. నాలుగు పూలకుండీల కోసం.

నాకు పామ్ అంటే ఆ సీనే. కేసినో రాత్రి అడిగింది కూడా అదే ప్రశ్న, ఈసారి మనిషి రూపంలో వచ్చింది. మూడో సీజన్‌లో ఆమె రాయ్‌ని వదిలాక జిమ్ దగ్గరికి పరిగెత్తలేదు గమనించారా? ఒంటరిగా సొంత అపార్ట్‌మెంట్ తీసుకుంది, బొమ్మలు వెయ్యడం నేర్చుకునే క్లాసుల్లో చేరింది.

కాలవగట్టు, పాలకొల్లు

రెండు రోజులు పొలం పనిలో ఉండి రాలేకపోయాను. దమ్ము చేయిస్తున్నాం.

నేను మొదట రాసినదాంట్లో రెండు ముక్కలు వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటి, లంకమల్లి చెప్పినట్టు జిమ్‌కి ఫోన్ మాట వినపడలేదు. అతని వైపు నుంచి చూస్తే ఆ ముద్దు జూదమే, ఎపిసోడ్ పేరుకి తగ్గట్టు. మా బావకి కూడా ఫోన్ చేసి ఈ మాట ఒప్పుకున్నాను. రెండు, తలూపిన సంగతి నేను కావాలనే పక్కన పెట్టాను. నా వాదనకి అడ్డమని. అది నిజాయితీ కాదు.

కానీ ఫోన్ దగ్గర మలుపన్నది మాత్రం వదలను. కొబ్బరాకు గారూ, నిర్ణయమైతే తలెందుకూపిందని కదా మీరడిగింది. నిర్ణయం అయిందని నేననుకోవడం పొరపాటు, మాట బయటపడిందనాలి. అంతవరకూ తనలో తను కూడా అనుకోని మాట, వాళ్ళమ్మ అడిగితే పైకి వచ్చింది. పైకి వచ్చిన మాటకీ చెయ్యబోయే పనికీ మధ్య ఎంత దూరముంటుందో నాకు తెలీదు. పూతరేకు గారూ, అడగడం తప్పయితే క్షమించండి. మీ అక్కగారు ఎప్పుడు తేల్చుకున్నారు?

లంకమల్లి, రాజోలు

జిమ్ తప్పు జిమ్‌దే, అందులో మార్పు లేదు. కానీ పూలకుండీల సంగతి చదివాక నేను ఇన్నాళ్ళూ పామ్‌ని సరిగ్గా చూడలేదనిపించింది. ఆమె స్థానంలో నన్ను పెట్టుకుని చూశాను. ఆమెకి ఇష్టం ఉంది. నాకు లేదు. ఇద్దరం ఒకే మాట అన్నాం. బయటినుంచి వినేవాళ్ళకి ఆ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టట్లేదు.

ఫోకస్, భీమవరం

తెలీదండి. తెలిసేదాకా గదిలోకి పోకూడదు.

పూతరేకు, ఆత్రేయపురం

కాలవగట్టు గారూ, తప్పేం లేదండి. నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేసి అడిగాను. తను ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది, బాగుంది. ఈ సీరియల్ తనూ చూసింది.

అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అప్పట్లో కాకినాడ హాస్టల్లో ఉండేది. ఒకరోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి, నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదేమో అమ్మా అందట. అమ్మ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగిందట. తిన్నానని పెట్టేసిందట.

మర్నాడు పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద షాపుకి వెళ్ళి పెళ్ళిచీరకి ఫాల్ కుట్టించడానికి ఇచ్చి వచ్చింది. రెండు రోజులాగి వెళ్ళి తెచ్చుకుంది కూడా. కుట్టు వంకరగా ఉందని షాపావిడతో వాదించి, ఊడదీయించి మళ్ళీ కుట్టించుకుందట. వద్దని చెప్పింది ఆ తర్వాత తొమ్మిది రోజులకి.

‘మరి ఆ రాత్రే తెలిసిపోయిందిగా, ఫాల్ ఎందుక్కుట్టించుకున్నావే’ అని అడిగాను.

‘ముహూర్తం ఉందిగా’ అంది.